పన్నెండో చీటీ

మిల్లు క్వార్టర్లు
జూన్ 12

అక్కకు నమస్కారాలు.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరిది మగ్గాల షెడ్డులో మరమ్మతులు చేసి చేసి ఇంట్లో కూడా అరిచే మాట్లాడుతున్నారు. మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు గొడవ అనుకుంటున్నారు. పిట్టకు దగ్గు పూర్తిగా తగ్గింది. పిట్ట అంటే నీ కూతురే, మన చిన్నదే. పొద్దున్నే లేచి ఏదో ఒక కూనిరాగం తీస్తూ తిరుగుతుంది కదా, నా నోటికి ఆ పేరు అలా వచ్చేసింది.

నీ కూతురు మా రఫ్ఫు గదిలో చేరి మూడు నెలలు నిండాయి. ఇంకో తొమ్మిది నెలలు నేర్చుకుని, చివర్లో పరీక్షకు ఇచ్చే బట్ట తాను నెగ్గితే కిటికీ పక్కన నీ పాత కుర్చీయే దానికి వస్తుంది. నువ్వు పద్నాలుగేళ్ళు కూర్చున్న కుర్చీ. అంచుకు కట్టే గుర్తు పోగు దానికి పసుపు రంగుది ఇచ్చారు. నాది ఎప్పటిలాగే పచ్చ. "నేతలో తెగిన పోగులకు రఫ్ఫు బాగా కుదిరితే ఎక్కడ చేశామో ఎవరూ కనుక్కోలేరు, అందుకే ఎదురుగా అంచుకు రంగు పోగు కట్టాలి" అని నువ్వు గొప్పగా చెప్పేదానివి చూడు, ఆ మాటే దానికీ చెప్పాను.

ఒక విశేషం. కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ప్రతి విభాగంలో ఒక చెక్కపెట్టె తగిలించింది. ఇంట్లోగానీ పనిలోగానీ మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ దిగులుపెట్టేది ఏమిటో పేరు రాయకుండా చీటీ మీద రాసి వేయమంది. నెలకోసారి పెట్టెలు తెరిచి, చీటీలు చదివి, విభాగాల వారీగా ఒక పుస్తకంలోకి ఎక్కించే పని నాకు అప్పగించింది. చదివాక చీటీలు కాల్చేయాలి. ఎవరు రాశారో తెలిసినా నోరు విప్పకూడదు. "నువ్వు నెమ్మదస్తురాలివని అందరూ చెప్పారమ్మా" అంది. నాకు సిగ్గేసింది.

మగ్గాల షెడ్డులో అందరి దిగులూ చెవుడే. ఒకాయన, "నాకు నిజంగానే వినపడటం లేదు. మా ఆవిడ మాత్రం విననట్టు నటిస్తున్నానంటోంది" అని రాశాడు. రంగుల షెడ్డులో ఒకామె, చేతుల నీలం వదలడం లేదని, చంటిబిడ్డ ఆ చేతులు చూసి మొహం తిప్పుకుంటోందని రాసింది. గేటు దగ్గర కాపలాదారు, తను కునుకు తీసిన రోజే ఏదో జరుగుతుందని. ఆఫీసు గుమాస్తా, రిటైరయ్యాక సోమవారం పొద్దున ఏం చేయాలో తెలియదని. ప్యాకింగులో ఎవరో, "నా దిగులంతా ఈ పెట్టే. ఎవరు చదువుతున్నారో ఏమో" అని రాశారు. నవ్వుకున్నాను గానీ తర్వాత నవ్వు రాలేదు.

మా గదిలో, చదివేదాన్ని నేను కాబట్టి నన్ను తీసేస్తే, పన్నెండుమంది. ఇంకా ఒక్కరూ వేయలేదు. మనవాళ్ళ సంగతి నీకు తెలుసుగా.

బావగారిని అడిగానని చెప్పు.

నీ చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి
జూలై 3

చెల్లికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పిట్ట ఎవరు? నేను కన్నదాన్ని పంతొమ్మిదేళ్ళుగా చిన్నదీ అని పిలుస్తున్నాను. అది పలుకుతోంది. మూడు నెలల్లో నీ ఇంట్లో దానికి కొత్త పేరు పెట్టారు. పాతదానికి ఏమొచ్చింది? కూనిరాగం అంటావా, ఇక్కడా తీసేది. నేను "చాల్లే ఆపు" అనేదాన్ని. బహుశా అక్కడే తేడా వచ్చింది.

మీ బావ ఈ ఉత్తరం రాస్తుంటే చూసి, "మీ అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు విప్పి చదివితే పోస్టుమ్యాన్‌కి జ్వరం వస్తుంది" అంటున్నారు. ఆయనకేం, ఆయన చెల్లెలు ఆయన బిడ్డను తీసుకెళ్ళలేదు.

చీటీల పని నీకిచ్చారంటే సంతోషం. పద్నాలుగేళ్ళు పనిచేశాను, నన్ను ఎవరూ నెమ్మదస్తురాలని అనలేదు. అనరులే. తనిఖీ ఆయనతో రోజుకో గొడవ పెట్టుకునేదాన్ని. కళ్ళు మందగించి నేను మానేసిన రోజున ఆయన మొహంలో ఎంత తెరిపి కనిపించిందో ఇప్పటికీ మర్చిపోలేదు.

నువ్వొక్కదానివే వినాలా ఏమిటి అని, నేనూ ఇక్కడ అడగడం మొదలుపెట్టాను. నేను పనిచేసే ఆసుపత్రి బట్టల గదికి రోజూ అందరూ వస్తారు. మడతపెట్టిన దుప్పట్లు అందిస్తూ, "మీకు అన్నిటికంటే దిగులు ఏది?" అంటాను. పెద్ద నర్సు, "పరాయివాళ్ళ జ్వరాలు చూస్తుంటే ఇంట్లో నా పిల్లకు జ్వరం వచ్చిందేమోనని" అంది. ఆపరేషన్లు చేసే డాక్టరు రెండు చేతులూ చాపి చూపించి వెళ్ళిపోయాడు. శవాల గది దగ్గర ఉండే మనిషి, "నాకు దిగులేమీ లేదమ్మా, అదే భయంగా ఉంది" అన్నాడు. వంటాయన మాత్రం, "నా దిగులు మీరే. ఎప్పుడు చూసినా ఉప్పు తక్కువంటారు" అన్నాడు.

నన్ను ఎవరూ తిరిగి అడగలేదు.

ఆగస్టులో మిల్లుకు నాలుగు రోజులు సెలవు కదా. చిన్నదాన్ని పంపు. అది సరిగ్గా తింటోందా? నా గురించి అడుగుతుందా? ఊరికే అడిగాను.

నీ అక్క

*

మిల్లు క్వార్టర్లు
ఆగస్టు 9

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు దేవుడి ముందు కూర్చున్నాను. పేరు విషయంలో నిన్ను నొప్పించాను. ఇకమీదట ఉత్తరాల్లో చిన్నదనే రాస్తాను.

అది బాగా తింటోంది. నీ గురించి అడుగుతుంది. అడగకుండా ఎలా ఉంటుంది?

సెలవులకు పంపలేకపోతున్నందుకు క్షమించు. ఆరు నెలల తనిఖీ ఉంది, అందుకోసం సెలవు రోజుల్లోనూ ఇంట్లో సూది పట్టిస్తున్నాను. బస్సులో పోయిరావడానికే రెండు రోజులు పడుతుంది. ఒకసారి చెయ్యి ఆగిందంటే మళ్ళీ దారికి రావడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

పోయిన నెల మా గది వాళ్ళూ చీటీలు వేశారు. పదకొండు చీటీలూ కళ్ళ గురించే. బట్ట పరిచే అద్దాల బల్ల కింది దీపం వెలుగు అరిగిపోయిన కళ్ళకు ముళ్ళలా గుచ్చుకుంటోందని. ఒకామె, "ఇంటికెళ్ళాక నా కొడుకు మొహంలో కూడా పోగులే కనిపిస్తున్నాయి" అని రాసింది. మేనేజరమ్మ పుస్తకం చూసి దీపాలు మార్పిస్తానంది. నిజంగా మార్పిస్తే పుణ్యం.

మన చిన్నది చేసిన రఫ్ఫు ముక్క ఒకటి ఈ కవరులో పెట్టాను. తనిఖీలో పక్కన పెట్టిన తానులోంచి అడిగి కత్తిరించుకొచ్చాను. పసుపు పోగు అంచుకు ఉంది. ఎక్కడ చేసిందో చూడగానే కనుక్కోగలవేమో చూడు. ఆదివారాలు దానికి తల దువ్వి జడ వేస్తుంటే వీధిలో వాళ్ళు, "మీ అమ్మాయా?" అంటున్నారు. అవునని అనను, కాదనీ అనను.

కోపం పెట్టుకోకు.

నీ చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి
సెప్టెంబరు 2

చెల్లికి,

ముక్క అందింది. పసుపు పోగుకు ఎదురుగా వేలు జరుపుకుంటూ వెళ్ళినా ఎక్కడ చేసిందో దొరకలేదు. వెలుతురులో పెట్టి చూశాను. వేలితో తడిమాను. పెద్ద నర్సుకు చూపించాను, "ఏముంది ఇందులో, ఉత్త గుడ్డ ముక్క" అంది. అదమ్మా పనంటే, అన్నాను. అంటుంటే నా గొంతు నాకే బాగా అనిపించలేదు.

నిజం చెప్తాను, నువ్వు నా చెల్లెలివి కాబట్టి. సంతోషించాల్సింది. కడుపు మండింది. దాన్ని తొమ్మిదేళ్ళ వయసు నుంచి నా పక్కన కూర్చోబెట్టుకుని సూది పట్టించాను. పోగు వదులైతే చేతి మీద ఒకటి వేసేదాన్ని. నూలు చిక్కుపడేది, ఏడ్చేది, లేచి పారిపోయేది. పదేళ్ళు అలాగే గడిచాయి. నీ దగ్గర ఆరు నెలలు. ఆరంటే ఆరు. ఈ ముక్క నేను నా మంచి రోజుల్లో చేసినంత బాగుంది. అబద్ధం ఎందుకు, ఇంకొంచెం బాగుంది.

అంటే నా చేతిలోనే దోషం ఉందన్నమాట. నేను కొట్టి నేర్పాను, నువ్వు జడలు వేసి నేర్పావు. బావుంది.

"మీ అమ్మాయా" అంటే కాదని ఎందుకు అనవు? కాదు అని ఒక్క మాట. దానికి ఎంత ఊపిరి కావాలి?

మీ బావ, "పోనీ మనమే వెళ్ళి చూసొద్దాం పద" అన్నారు. నేను రానన్నాను. నీ ఇంట్లో అది నీళ్ళు తెచ్చి ఇస్తుంటే, చుట్టంలా కూర్చుని తాగాలా?

దసరాలూ పండగలూ అక్కర్లేదు నాకు. మామూలు ఆదివారం ఒక్కటి పంపు చాలు. పొద్దున బస్సుకి వచ్చి మర్నాడు బస్సుకి వెళ్ళిపోతుంది. ఎప్పుడు పంపుతున్నావో రాయి.

అక్క

*

మిల్లు క్వార్టర్లు
అక్టోబరు 1

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఈ నెల కుదరదు. పెద్ద తాన్లు వచ్చాయి, గదిలో ఎవరికీ సెలవు ఇవ్వడం లేదు. వచ్చే నెల చూద్దాం.

చిన్నది క్షేమం. వాతావరణం మారి కొంచెం నలతగా ఉంది, భయపడేంత కాదు.

నీ మనసు నొప్పించే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు. దేవుడికి తెలుసు.

చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి
అక్టోబరు 14

చెల్లీ,

నీ ఉత్తరం పదకొండు వరసలు. ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఇంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసిన రోజున కూడా నువ్వు ఇలాగే తక్కువ మాట్లాడావు.

ఆ గుడ్డ ముక్క మళ్ళీ తీశాను. ఈసారి మన కళ్ళజోళ్ళ డాక్టరమ్మ దగ్గర పెద్ద భూతద్దం అడిగి తెచ్చాను. ఆవిడ, "ఏం వెతుకుతున్నారండీ?" అంటే, మా అమ్మాయి పని అన్నాను. తిరగేసి చూశాను. ముందు వైపు ఎంత దాచినా వెనక వైపు పోగు కొసలు ఎటు పడుకున్నాయో కనిపిస్తుంది కదా.

కొసలు కుడి వైపుకు పడుకుని ఉన్నాయి.

కుడిచేత్తో చేస్తే ఎడమకు పడతాయి. నాకు ఎడమకే పడేవి. చిన్నది కుడిచేతివాటం, దానికీ అటే పడాలి. మన గదిలో ఎడమచేత్తో సూది పట్టేది ఒక్కరే. పదిహేడేళ్ళ పిల్లవి వచ్చి నా పక్కన కూర్చుంటే ఎంత చూపించినా నీకు రాలేదు. చివరికి ఒకరోజు కుర్చీ తిప్పి నీ ఎదురుగా కూర్చున్నాను. అద్దంలో చూసినట్టు నన్ను చూస్తూ నేర్చుకున్నావు. ఆ చెయ్యి నేను పెట్టిందే, నాకు తెలియదనుకున్నావా?

పసుపు పోగు కట్టి నీ పని నాకు పంపావు. ఎందుకు? నన్ను ఉడికించడానికా? అలాగైతే నీ కోరిక తీరింది, నెల రోజులు ఉడికాను. కానీ నువ్వు అలాంటిదానివి కాదు. నేనైతే చేస్తాను, నువ్వు చేయవు. కాబట్టి ఇంకేదో ఉంది.

ఇంకో సంగతి. పన్నెండుమంది అని జూన్‌లో రాశావు. పదకొండు చీటీలూ కళ్ళ గురించే అని ఆగస్టులో రాశావు. మరి పన్నెండోది?

దాని ఒంట్లో ఎలా ఉంది? నిజం రాయి. చీటీ సంగతి చెప్పకూడదని నాకు నీతులు చెప్పకు. నేను దాని తల్లిని.

అక్క

*

మిల్లు క్వార్టర్లు
నవంబరు 3

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. దేవుడి ముందు కూర్చుని రాస్తున్నాను, ఇందులో అబద్ధం ఉండదు.

చిన్నదానికి పని రావడం లేదు. మొదటి నెలలోనే తెలిసింది. చేతుల్లో లోపమేమీ లేదు, కూర్చుంటే ఊపిరాడనట్టు అయిపోతుంది. పోగు బిగించేస్తుంది, గుడ్డ ముడుచుకుపోతుంది. మూడో నెలలో తనిఖీ ఆయన ఒక తాను వెనక్కి పంపాడు. రెండోది కూడా వెనక్కి వస్తే ఇంటికి పంపేస్తారు. అప్పుడు నేను అందరూ భోజనానికి వెళ్ళాక దాని తాను విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను. ఒక్కసారే అనుకున్నాను. తర్వాత రోజూ అదే పని. నా అన్నం డబ్బా అలాగే ఇంటికి తెచ్చి నీ మరిదికి పెట్టేదాన్ని. ఆయన, "ఈ మధ్య రోజూ రెండు పూటలా నాకే విందు" అంటూ తినేవారు.

దానికి చెప్పలేదు. అది కనుక్కుంది. నా మొహం మీద అడగలేకపోయింది.

పన్నెండో చీటీ దానిది. జూలై చివర్లో పెట్టెలో దొరికింది. రాత చూడగానే తెలిసింది. కాల్చాల్సిన చీటీ. కాల్చలేదు, పుస్తకంలో ఎక్కించనూ లేదు. మాట ఇచ్చి తప్పుతున్నాను, అయినా ఇక్కడ రాస్తున్నాను:

"నా పని నేను చేయడం లేదు. నా వెనక ఎవరో సరిచేస్తున్నారు. రోజూ భయంగా ఉంటోంది. అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది. చెబితే నన్ను ఇంట్లో పెట్టుకున్న ఆమె బాధపడుతుంది. అమ్మ కూడా ఆ కుర్చీ మీద ఆశతోనే పంపింది. ఎవరికి చెప్పాలో తెలియక పెట్టెకు చెబుతున్నాను."

ఇది తెలిసీ ఆగస్టులో పంపలేదు. సెప్టెంబరులో పంపలేదు. ఒక్కసారి వస్తే తిరిగి రాదని తెలుసు. ఆ ముక్క నిన్ను ఉడికించడానికి పంపలేదు. పిల్లకు పని వస్తోందని నువ్వు నమ్మితే, పంపమని అడగడం మానేస్తావనుకున్నాను. వెనక్కి తిప్పి చూస్తావని తట్టలేదు. చూసేది నువ్వని మర్చిపోయాను.

ఎందుకు చేశావని అడుగుతావు. నీకు ఈర్ష్య అని నువ్వు పైకే అంటావు, బావగారు నవ్వుతారు, అక్కడితో అయిపోతుంది. నాది ఎవరికీ కనబడదు. చిన్నప్పటి నుంచీ నీ గౌన్లు తొడిగాను, నీ పుస్తకాలు చదివాను, నీ సూదితో నేర్చుకున్నాను. అవేవీ నన్ను బాధపెట్టలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. నీ కడుపున అది పుట్టింది, నా కడుపున ఎవరూ పుట్టలేదు. అదీ దేవుడి ఇష్టమనుకున్నాను. కానీ అది సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చిన రోజున నా మనసు ఒక లెక్క వేసుకుంది. ఒక్క ఏడాది. అక్కకు పంతొమ్మిదేళ్ళు ఉంది కదా, నాకు ఒక్క ఏడాది.

సెప్టెంబరులో దానికి జ్వరం వచ్చింది, నీకు రాయలేదు. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. కాళ్ళు ఒత్తుతుంటే, "అమ్మా" అంది. నేను "ఊఁ" అన్నాను.

అదీ అక్కా నేను చేసిన తప్పు. మిగతావన్నీ దాని ముందు చిన్నవే.

నువ్వు ఏమంటే అది చేస్తాను.

నీ చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి
నవంబరు 8

ఆదివారం పొద్దున బస్సుకి పంపు. నా మరిదిని తోడు పంపు. నువ్వు రాకు.

చీటీ ఇంకా నీ దగ్గర ఉంటే అది కూడా పంపు.

*

మిల్లు క్వార్టర్లు
డిసెంబరు 6

అక్కకు నమస్కారాలు.

నువ్వు జవాబు రాయవని తెలుసు. అయినా రాయడం నా బాధ్యత.

చిన్నదాన్ని బస్సెక్కించిన మర్నాడే మేనేజరమ్మ గదికి వెళ్ళాను. పసుపు పోగు కట్టిన తాన్లలో పని నాదని చెప్పాను. ఒక చీటీ దాచానని కూడా చెప్పాను. ఆవిడ, "నిన్ను నేను తప్పుగా ఎంచుకోలేదు, నువ్వే తప్పు చేశావు" అంది. ఆ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియలేదు. పుస్తకం ఆఫీసు గుమాస్తాకు ఇచ్చింది. సోమవారాల దిగులు ఉన్నాయనకే. నన్ను మూడు నెలలు రఫ్ఫు గది నుంచి తీసి ప్యాకింగులో వేశారు. తాన్లకు కాగితం చుట్టడం. అక్కడ అందరూ నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు.

నీ మరిది ఇప్పుడు మెల్లగా మాట్లాడుతున్నారు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నువ్వు దాన్ని ఏమీ అనకు. కుర్చీ పోయినందుకు కోపం ఉంటే నా మీద చూపించు.

రోజూ ప్రార్థనలో మీ ముగ్గురి పేర్లూ తలుచుకుంటున్నాను. నాకు ఆ హక్కు ఉందో లేదో ఆ దేవుడే చెప్పాలి.

నీ చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి
జనవరి 19

చెల్లికి ఆశీస్సులు.

రెండు నెలలు నిన్ను బాధపెట్టాను. బాధపెట్టాలనే రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది నిన్ను క్షమించడానికి కాదు, నా సంగతి ఒకటి నీకు చెప్పాలి.

నీ నవంబరు ఉత్తరం చదివినప్పుడు నాకు ముందు ఏం కలిగిందో తెలుసా? కోపం కాదు. నా బిడ్డ ఆరు నెలలు భయంతో చచ్చిందని జాలి కూడా కాదు. "అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది" అన్న ముక్క దగ్గర ఆగి, మళ్ళీ చదివి, సంతోషపడ్డాను. నీ మీద గెలిచాననుకున్నాను. చీటీ పంపమన్నది కూడా అందుకే, దాని చేతిరాతలో చూసుకోవడానికి. చూసుకున్నాను. దుప్పట్ల మధ్య పెట్టుకుని మూడు రోజులు చూసుకున్నాను. నాలుగో రోజు కింది ముక్క కళ్ళపడింది. "అమ్మ కూడా ఆ కుర్చీ మీద ఆశతోనే పంపింది." అప్పటిదాకా ఆ ముక్కను నా కళ్ళు దాటేస్తూ వచ్చాయి.

దానికి ఊపిరాడకపోవడం నీ గదిలో మొదలవలేదు చెల్లీ. తొమ్మిదేళ్ళప్పుడు నా పక్కన మొదలైంది.

వచ్చిన కొత్తలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంత పని చేశాను. ఏది వద్దంటే అది మానేశాను. వారం తిరిగేసరికి, "అమ్మా, నేను ఆసుపత్రికి వస్తాను, ఇంట్లో కూర్చోలేను" అంది. బట్టల గదిలో సూది ఇస్తారేమోనని భయపడిందట. అందుకే వార్డులో మంచాల దగ్గర పనికి చేరింది. మంచం ఎక్కినవాళ్ళను ఎత్తి కూర్చోబెట్టడం, అన్నం తినిపించడం, తల దువ్వడం. పెద్ద నర్సు, "ఈ పిల్ల చెయ్యి వేస్తే మొండి ముసలాయన కూడా నోరు తెరుస్తున్నాడు. ఎవరు నేర్పారు?" అంది. నేను నేర్పలేదు. నేను తల దువ్వితే అది ఇప్పటికీ "అబ్బా" అంటుంది.

నువ్వు "ఊఁ" అన్న రోజు సంగతి దాన్ని అడిగాను. దానికి గుర్తుంది. "పిన్ని అనే తెలుసమ్మా, నువ్వు కాదని తెలుసు. అయినా ఎవరో ఒకరు పలికారు కదా" అంది. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. పాలు అప్పటికే పొంగిపోయాయి. అది వచ్చి పొయ్యి తుడుస్తూ, "నీకు పిన్ని మీద ఎందుకమ్మా అంత?" అంది. ఎంత, అన్నాను. రెండు చేతులూ బార్లా చాపింది. ముందు నేనే నవ్వాను.

అసూయ పోయిందని రాయను. పోలేదు. ఈ ఆదివారం పొద్దుటి నుంచి అది నీకు ఉత్తరం రాస్తూ కూర్చుంది. కూర మాడుతోందన్నా వినలేదు. నేను గుమ్మంలో నిలబడి, కాగితాలు ఒకటి, రెండు, మూడు తిప్పడం చూశాను. ఏమంత రాస్తున్నావే అంటే, "అన్నీ" అంది. ఆ "అన్నీ"లో ఏమేం ఉన్నాయో నాకు చెప్పదు. నేను అడగను. అడిగితే చూపిస్తుందేమో, అదే భయం.

కవరు అంటించి, "అమ్మా, డ్యూటీకి వెళ్ళేదారిలో వేస్తానులే" అంది. వద్దు, నేను వేస్తానన్నాను. అనుమానంగా చూసింది. చూడాల్సిందే.

పోస్టాఫీసు దాకా చేతిలోనే పట్టుకుని నడిచాను. సంచిలో పెట్టలేదు. బరువుగా ఉంది. పెట్టెలో వేశాక కింద పడిన చప్పుడు అయ్యేదాకా అక్కడే నిలబడి, ఇంటికి వచ్చి నీకు ఇది రాస్తున్నాను. దానిది ముందు చదువు.

నీ అక్క